నా జీవితంలో ఏమీ జరగదు, కథలకి ఐడియాలు ఎక్కణ్ణుంచి తేవాలి?

కొత్తకలం · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

కథలు రాయాలని ఉంది. భాష ఫర్వాలేదు, కూర్చునే ఓపికా ఉంది. దేని మీద రాయాలో మాత్రం తెలియట్లేదు. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. పొద్దున తొమ్మిదికి వెళ్తాను, సాయంత్రం ఆరున్నరకి వస్తాను. మధ్యలో అంతా ఎక్సెల్. ఇంటికొస్తే టీవీ, నిద్ర. యుద్ధాలు చూడలేదు, ప్రేమలో మోసపోలేదు, ఇంట్లోంచి పారిపోలేదు. ఇలాంటి జీవితంలోంచి కథ ఎలా వస్తుంది? "చుట్టూ చూడు, అన్నీ కథలే" అంటారు. చూస్తూనే ఉన్నాను. చుట్టూ ఎక్సెల్ తప్ప ఏమీ లేదు.

మీరంతా ఎలా పట్టుకుంటారో చెప్పండి. దయచేసి "జీవితమే ఒక కథ" లాంటి మాటలు మాత్రం వద్దు. అవి చాలా విన్నాను.

అర్ధణా · 9:52

జీవితమే ఒక కథ.

సారీ అండీ, చెయ్యి ఆగలేదు.

కిటికీపక్క · 10:20

కొత్తకలం గారూ, అర్ధణా గారి మాటలు పట్టించుకోకండి. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ ఈ స్వాగతం మామూలే.

నా సంగతి చెప్తాను. రోజుకి రెండు గంటలు బస్సులో గడుస్తాయి నాకు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోను. చుట్టుపక్కల వాళ్లు ఫోన్‌లో మాట్లాడేది వింటాను. తప్పో ఒప్పో తర్వాత తిట్టుకోండి. రెండు నెలల కింద నా వెనక సీట్లో ఒకావిడ, గొంతు పెంచకుండా, చాలా నెమ్మదిగా అన్న మాటలు ఇవి:

"లేదు, ఆ తలుపు నువ్వే వేశావు."

కాసేపు నిశ్శబ్దం.

"నేనెందుకు వేస్తాను? నా బ్యాగు లోపలే ఉంది కదా."

మళ్లీ నిశ్శబ్దం, ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు.

"సరే. అందరికీ అలాగే చెప్పు."

అంతే. తర్వాతి స్టాపులో దిగిపోయింది. మొహం కూడా సరిగా చూడలేదు నేను. ఏ తలుపు? బ్యాగు లోపలుంటే తను బయట ఎందుకుంది? ఆ "అందరూ" ఎవరు? అప్పట్నుంచి ఆ తలుపు నా బుర్రలో కొట్టుకుంటూనే ఉంది.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇద్దరి మాటలూ వినిపించినప్పటికంటే, ఫోన్‌లో ఒకవైపు మాటలే వినిపించినప్పుడు పక్కవాళ్ల ధ్యాస ఎక్కువ చెదిరిందట. తర్వాత ఏ మాట వస్తుందో ఊహకి అందకపోవడమే కారణమని వాళ్ల వివరణ. కథ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మిగతా సగం మనల్ని రాసుకోమని వదిలేసినట్టే కదా.

పాతసిరా · 10:58

కొత్తకలం గారికి స్వాగతం. ఆఫీసులో ఏమీ జరగదన్నారు. రచయిత కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. మన రావిశాస్త్రి గారు లాయరు. ఇద్దరూ రోజూ పనిలోకి వెళ్లి ఇంటికొచ్చినవాళ్లే.

అసలు సంగతి వేరే. రష్యన్ రచయిత గొగోల్ కథ "ఓవర్‌కోట్" ఎలా పుట్టిందో ఆయన మిత్రుడు ఆన్నెన్‌కోవ్ రాశాడు. ఒక సాయంత్రం నలుగురూ చేరి ఆఫీసు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరో ఒక పేద గుమాస్తా సంగతి ఎత్తారు. అతనికి పక్షుల వేట పిచ్చి. కడుపు మాడ్చుకుని, ఆఫీసు పని మీద అదనపు పని చేసి, 200 రూబుళ్లు పోగేసి మంచి తుపాకీ కొన్నాడు. మొదటిసారి పడవేసుకుని ఫిన్లాండ్ సింధుశాఖలోకి వెళ్లాడు. తుపాకీ పడవ ముందుభాగంలో పెట్టుకున్నాడు. పడవ దట్టమైన రెల్లులోంచి పోతుంటే, ఆ రెల్లు తగులుకుని తుపాకీ నీళ్లలోకి జారిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికొచ్చి జ్వరంతో మంచం పట్టాడు. తోటివాళ్లు చందాలేసుకుని కొత్తది కొనిచ్చాకగానీ లేవలేదు.

విన్నవాళ్లంతా నవ్వారట. గొగోల్ మాత్రం తల వంచుకుని ఆలోచనలో పడ్డాడట.

1842లో కథ అచ్చయింది. అందులో తుపాకీ లేదు, గుమాస్తా కడుపు మాడ్చుకుని కొనుక్కుని పోగొట్టుకునేది ఒక కోటు. పడవ లేదు. చందాలేసి ఆదుకున్న స్నేహితులూ లేరు. తుపాకీ సరదా వస్తువు, పోతే నవ్వొస్తుంది. చలిదేశంలో కోటు అలా కాదు. ఆ ఒక్కటి మార్చేసరికి నవ్వులాట కాస్తా వేరే ఏదో అయిపోయింది. ఆ గదిలో ఉన్న అందరికీ అదే సంగతి చెవిన పడింది, కథ మాత్రం ఒక్కడికే దొరికింది. కాబట్టి "నా చుట్టూ ఏమీ జరగట్లేదు" అనేది మీ అసలు కష్టం కాదేమో, ఆలోచించండి.

కొత్తకలం · 11:15

మాస్టారూ, బాగుంది. కానీ ఆయనకి ఎవరో వచ్చి కథ చెప్పారు కదా. నాకు ఎవరూ ఏమీ చెప్పరు. మా ఆఫీసులో మాట్లాడుకునేదంతా జీఎస్‌టీ రిటర్న్ గడువు గురించే.

నైట్‌డ్యూటీ · మంగళవారం, తెల్లవారుజామున 3:10

ఇప్పుడే కాస్త ఊపిరి ఆడింది. నేను నర్సుని. నా దగ్గర "సంఘటనలు" కావల్సినన్ని. అయినా వాటి మీద ఒక్క కథ కూడా రాయలేకపోయాను. యాక్సిడెంట్లు, ఏడుపులు, పరుగులు... అవన్నీ అప్పటికే పూర్తయిపోయిన కథలు. నేను చేర్చడానికి అందులో ఏమీ మిగలదు.

రాయగలిగింది ఇలాంటివి. వివరాలు కొన్ని మార్చే చెప్తున్నాను. ఒక పెద్దాయన ఉండేవారు. రోజూ సాయంత్రం పక్క బెడ్ వాళ్లు "పిల్లలతో మాట్లాడారా?" అని అడిగితే "ఆ, ఇందాకే" అనేవారు. ఒకరోజు దుప్పటి మారుస్తుంటే ఆయన ఫోన్ కింద పడింది. తీసి చూశాను, ఆగిపోయి ఉంది. ఛార్జర్ తెచ్చిస్తానన్నాను. "వద్దమ్మా, ఇలాగే బాగుంది" అన్నారు.

ఫోన్ ఆగిపోయి ఉంటే పిల్లలు చేసినా తెలియదు, చెయ్యకపోయినా తెలియదు. ఆయనకి కావల్సింది అదే. ఇది తట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది.

కాబట్టి నేను వెతికేది ఇది: నోరు ఒకటి చెప్తూ చేతులు ఇంకోటి చేసే చోటు. పెద్ద సంఘటన అక్కర్లేదు. సరే, బెల్ మోగింది.

మూడోగది · మంగళవారం, ఉదయం 7:45

నైట్‌డ్యూటీ అక్కా, ఆ "ఇలాగే బాగుంది" దగ్గర కాసేపు ఆగిపోయాను.

నేను ఇంట్లోనే ఉంటాను, బస్సులు, ఆసుపత్రులు ఏవీ లేవు. నాకు దొరికేవి ఫోన్‌లోనే దొరుకుతాయి. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ మధ్య పొద్దున లేచి చూసేసరికి "ఈ మెసేజ్ డిలీట్ చేశారు" అని ఉంది. పంపిన టైము రాత్రి 2:14. పంపింది ఎప్పుడూ పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ పెట్టని మనిషి. గ్రూపులో 36 మంది ఉన్నాం, ఒక్కరూ "ఏంటది" అని అడగలేదు. అందరూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టుకుంటూ పోయారు.

ఎవరో ఒకరు చదివే ఉంటారు కదా! నా కథ ఆ చదివిన మనిషి మీద. పంపినవాళ్ల మీద కాదు.

అర్ధణా · 8:30

మా గ్రూపులో డిలీట్ అయితే 36 మందీ ఫోన్లు చేసి మరీ అడుగుతారు. దాని మీద రాస్తే కామెడీ అవుతుంది.

నా అనుభవం కూడా వేసుకోండి. ఐడియా రాగానే నోట్ చేసుకోమంటారు కదా, నాలుగేళ్లుగా ఫోన్‌లో చేస్తున్నాను. మొన్న తీరిగ్గా తెరిచాను. నమూనాకి మూడు:

"నీలం చొక్కా. ముఖ్యం!!"

"అతను తిరిగి వస్తే?"

"గొడుగు (మర్చిపోకు)"

ఎవరు తిరిగి రావాలి? ఎవరి చొక్కా? మూడోది కథో, నిజంగా గొడుగు కొనుక్కోవాలో కూడా తెలియట్లేదు.

పాతసిరా · 9:05

అర్ధణా గారి మూడో నోట్ నిజంగా గొడుగే అయ్యుంటుంది.

నోట్ రాసుకునేటప్పుడు ఆలోచన కాకుండా చూసింది రాసుకోవాలి. "ఒంటరితనం మీద కథ" అని రాసుకుంటే నెల తర్వాత అది చచ్చిన కాగితం. "ఛార్జర్ వద్దన్నారు, దుప్పటి మారుస్తుండగా" అని రాసుకుంటే ఏడాది తర్వాత కూడా ప్రాణంతో ఉంటుంది. నాలుగు మాటలు ఎక్కువ పట్టినా సరే.

కొత్తకలం గారికి ఒక పని. కథ వెతకొద్దు. ఈవేళ ఆఫీసులో లెక్క తేలనిది ఒక్కటి చూసి రండి. చిన్నదైనా ఫర్వాలేదు. ఎందుకో అర్థం కానిది అయితే చాలు.

కొత్తకలం · రాత్రి 10:05

మాస్టారూ, "లెక్క తేలనిది" అన్నారు చూడండి, పొద్దున అది చదివి నవ్వుకున్నాను. మా పనిలో దానికి పేరే ఉంది. ఎక్కడో తేడా వచ్చి ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టిక) కలవకపోతే, లేదా వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో తెలియకపోతే, దాన్ని సస్పెన్స్ అకౌంట్‌లో పెడతాం. కారణం తెలిసేదాకా అక్కడే ఉంటుంది. పదేళ్లుగా ఆ మాట రోజూ వాడుతున్నాను. కథలకి కూడా ఒకటి తెరవచ్చని తట్టలేదు.

సరే, ఇవాళ్టి ఎంట్రీ. మా ఆఫీసు నాలుగో అంతస్తులో. నాతోపాటు లిఫ్ట్ ఎక్కే ఒకాయన ఉన్నారు, వేరే డిపార్ట్‌మెంట్. ఆయన ఎప్పుడూ మూడు నొక్కుతారు. మూడులో దిగి, మెట్లెక్కి నాలుగుకి వస్తారు. ఇవాళ కావాలని గమనించాను. నేను లిఫ్ట్‌లోంచి బయటికొచ్చి కార్డ్ స్వైప్ చేసేసరికి ఆయన మెట్ల దగ్గర కనబడ్డారు. ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను, అసలు చూశానని కూడా నాకు తెలియదు. మూడో అంతస్తులో వేరే కంపెనీ ఉంది. ఆయనకి అక్కడ పనేమీ లేదు.

కిటికీపక్క · 10:12

అదిగో! ఏమీ జరగదన్నారు!

అర్ధణా · 10:14

పొట్ట తగ్గించుకోవడానికి. కేసు క్లోజ్.

మూడోగది · 10:31

పొట్ట కోసమైతే కింద నుంచే ఎక్కుతారు కదా. ఒక్క అంతస్తుతో ఏం తగ్గుతుంది?

నాకు తోచింది ఇది. ఇరవై మెట్లు, నిమిషం కూడా పట్టదు. ఇల్లు కాదు, ఆఫీసూ కాదు. రోజు మొత్తంలో ఎవరూ చూడని నిమిషం అదొక్కటే. ఆయన అక్కడ మొహం మార్చుకుంటున్నారు, ఇంటి మొహం తీసేసి ఆఫీసు మొహం పెట్టుకుంటున్నారు.

కిటికీపక్క · 10:40

మూడో అంతస్తు కంపెనీకి అద్దాల తలుపుంటే? లోపల ఎవరో ఉన్నారు. పలకరించే సంబంధం ఇప్పుడు లేదు. రోజూ ఒకసారి కనబడితే చాలు.

అర్ధణా · 10:44

లేదా అప్పిచ్చినవాడు లోపలున్నాడు. ఈయన కనబడకపోతే పారిపోయాడనుకుంటాడని హాజరు వేయించుకుంటున్నాడు.

ఇది సరదాకే అన్నాను గానీ, రాసేకొద్దీ నాకే నచ్చుతోంది.

సగంకథ · 11:20

ఇంతమంది ఊహలు ఎందుకండీ? వెళ్లి అడిగితే పోలా? "సార్, మీరెందుకు మూడులో దిగుతారు?" అంటే చెప్తారు. నిజం కంటే మన ఊహ గొప్పదని ఎలా అనుకుంటాం?

పాతసిరా · 11:48

అడక్కండి. కనీసం ఇప్పుడే అడక్కండి.

రచయిత హెన్రీ జేమ్స్ ఒక క్రిస్మస్ ముందురోజు విందులో కూర్చున్నప్పుడు, పక్కనున్నావిడ మాటల్లో మాటగా ఒక తల్లీకొడుకుల తగాదా గురించి చెప్పింది. తండ్రి పోయాక ఇంట్లోని విలువైన సామాను కోసం ఇద్దరూ కొట్టుకుంటున్నారని. ఆ ఒక్క ముక్క వినగానే ఆయనకి కావల్సింది దొరికింది. ఆవిడ మిగతా వివరాల్లోకి వెళ్తుంటే, ఇంక చాలు అనిపించిందని తర్వాత తనే రాసుకున్నాడు. అసలు జీవితం ఆ విత్తనాన్ని తీసుకెళ్లి పాడుచేసుకుంటుందని ఆయన గోల. ఆ ముక్కలోంచే 1897లో ఒక నవల వచ్చింది.

సగంకథ · 11:55

మాస్టారూ, గౌరవం ఉంచుకునే ఒప్పుకోవట్లేదు. అది ఒక రచయిత పద్ధతి. విలేఖరిలా నాలుగు ఇళ్లు తిరిగి అడిగి రాసేవాళ్లూ ఉన్నారు.

పాతసిరా · 11:58

ఉన్నారు. వాళ్లకి ఓపిక ఎక్కువ.

కొత్తకలం · గురువారం, రాత్రి 9:20

ఒక తప్పు జరిగింది. నేను అడగలేదు, ఒట్టు. కానీ భోజనాల టైములో ఆయన డిపార్ట్‌మెంట్ అతనితో మాటల్లో నోరు జారాను. "అదా, పెద్ద విషయమేం కాదు" అని చెప్పేశాడు. ఆరోగ్య కారణం. డాక్టర్ మెట్లెక్కడం మళ్లీ మొదలుపెట్టమన్నారట, ముందు ఒక్క అంతస్తు, తర్వాత నెమ్మదిగా పెంచమని. అంతే.

రెండు రోజుల ఉత్సాహం నీరుగారిపోయింది. అద్దాల తలుపు లేదు, అప్పూ లేదు. అర్ధణా గారి పొట్టకి దగ్గర్లో ఆగింది.

అర్ధణా · 9:24

పార్టీ ఎప్పుడు ఇస్తున్నారు నాకు?

నైట్‌డ్యూటీ · 9:50

కొత్తకలం గారూ, నాకు మాత్రం ఇప్పుడే మొదలైంది. "మళ్లీ" మొదలుపెట్టమన్నారంటే మధ్యలో ఏదో జరిగిందన్నమాట. ఒక్క అంతస్తుతో మొదలుపెట్టే మనుషుల్ని నేను రోజూ చూస్తాను. వార్డు వరండాలో గోడ పట్టుకుని పది అడుగులు వేసి, ఇవాళ పన్నెండు వేశానని చెప్తారు. వాళ్ల మొహం చూడాలి.

ఇంకోటి. ఆయన కింద నుంచి ఒక అంతస్తు ఎక్కి, ఒకటో అంతస్తులో లిఫ్ట్ ఎక్కొచ్చు కదా? అలా చేస్తే కింద లిఫ్ట్ కోసం నిలబడ్డ అందరూ చూస్తారు. మూడులో దిగితే "ఏదో పనుంది" అనుకుంటారు. దాచుకుంటున్నారాయన. ఎందుకు దాచుకుంటున్నారు? కారణం తెలిసినంత మాత్రాన మీ సస్పెన్స్ అకౌంట్ మూతపడలేదండీ, ఎంట్రీ ఒక లైను కిందికి జరిగిందంతే.

సగంకథ · 10:15

మొన్న అడిగెయ్యమన్నది నేనే. ఇప్పుడు ఇంకో మాట చెప్పాలి, కాస్త పెద్దదే.

మా అక్క విడాకులు తీసుకుని ఒంటరిగా ఉంటోంది. ఒకసారి తనతో కలిసి తన ఇంటికి వెళ్లాను. తాళం తీసే ముందు బెల్ కొట్టింది. లోపల ఎవరూ లేరు. ఒక క్షణం ఆగి, తర్వాత తాళం తీసింది. నేను చూశానని తనకి తెలియదు. తను ఆలోచించకుండానే చేసే పని అది, ఊపిరి తీసుకున్నట్టు.

కథ రాశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఉద్యోగం మార్చాను, వయసు పదేళ్లు పెంచాను. పిల్లలు లేని మనిషికి ఇద్దరు పిల్లల్ని పెట్టాను. బెల్ మాత్రం ఉంచాను. అది తీసేస్తే కథే లేదు. ఒక పత్రికలో వచ్చింది, మంచి ఉత్తరాలొచ్చాయి. అక్క చదివింది. ఫోన్ చేసి ఒక్కటే మాట అంది: "ఆ బెల్ ఒక్కటీ నాకు వదిలేసి ఉండాల్సిందిరా."

11 నెలలైంది, మాట్లాడట్లేదు. కథ బాగుందనే ఇప్పటికీ అనుకుంటాను. రాయకుండా ఉండాల్సిందని కూడా అనుకుంటాను. ఈ రెంట్లో ఏది నిజమో తేలట్లేదు.

మూడోగది · 10:40

సగంకథ గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. మా గ్రూపులో డిలీట్ అయిన మెసేజ్ సంగతి ఇక్కడ పెట్టి నేనూ తప్పు చేశానేమో అనిపిస్తోంది ఇప్పుడు.

నిర్వాహకులు · 10:52

చిన్న మనవి. ఇక్కడ ఎవరి గురించి రాసినా, చదివినవాళ్లు మనిషిని గుర్తుపట్టే వివరాలు పెట్టకండి. ముఖ్యంగా ఆరోగ్యం, కుటుంబ గొడవలు. కొత్తకలం గారి పోస్టులో అలాంటిదేమీ లేదు కాబట్టి ఉంచుతున్నాం. చర్చ కొనసాగించండి.

పాతసిరా · 11:30

సగంకథ గారికి సలహా చెప్పే అర్హత నాకు లేదు. ముప్పై ఏళ్ల కింద నేనూ ఒక స్నేహితుణ్ణి ఇలాగే పోగొట్టుకున్నాను. ఒక్కటి మాత్రం ఆలస్యంగా తెలిసింది. మనం మార్చేవన్నీ పేరు, ఊరు, వయసు లాంటి కాగితం మీది వివరాలు. మనిషి వాటిలో తనని చూసుకోడు. చేతి అలవాటులో చూసుకుంటాడు. కాబట్టి మార్చాల్సింది అదే, అక్కడే మన చెయ్యి రాదు.

గొగోల్ దగ్గరికి మళ్లీ వెళ్తున్నాను, క్షమించాలి. ఆయన గుమాస్తా పేరు మార్చి ఊరుకోలేదు, తుపాకీనే తీసేశాడు. తీసేశాక కూడా కథ నిలబడితే, అది మన కథ అయినట్టు. నిలబడకపోతే ఇంకా వాళ్లదే.

తొందర కూడా వద్దు. 1872 జనవరిలో టాల్‌స్టాయ్ ఇంటికి దగ్గర్లోని స్టేషన్లో ఒకావిడ రైలు కింద పడి చనిపోయింది. పొరుగు భూస్వామితో సంబంధం చెడి. పేరు అన్నా. టాల్‌స్టాయ్ వెళ్లి ఆ శవాన్ని చూశాడు. "అన్నా కరెనినా" మొదలుపెట్టింది 1873లో. మధ్యలో ఏడాది పైన ఊరుకున్నాడు. అయినా పేరు మాత్రం మార్చలేదు చూడండి. పెద్దవాళ్లు కూడా అన్నీ సరిగ్గా చెయ్యలేదు.

కొత్తకలం · శనివారం, మధ్యాహ్నం 3:30

రెండు రోజులు ఆలోచించాను. ఆయన్ని పూర్తిగా వదిలేశాను. లిఫ్ట్ లేదు, ఆఫీసు లేదు, డాక్టర్ లేడు. తీసేస్తూ పోతే చివరికి మిగిలింది ఏంటంటే, ఎవరో ఒకరు ఒక మెట్టు ముందే దిగిపోతారు, ఇంకొకరు దాన్ని లెక్కపెడతారు. ఆ లెక్కపెట్టే మనిషి నేనే కదా! అసలు నాకెందుకంత ఆత్రం? పక్క డిపార్ట్‌మెంట్ అతన్ని ఆరా తీసేంత అవసరం నాకేమొచ్చింది? అది తట్టాక రాయగలిగాను. మొదటి పేరా ఇది. భయంగానే పెడుతున్నాను.

"ఆవిడ ఒక స్టాపు ముందే దిగుతుంది. పద్నాలుగు రోజులుగా చూస్తున్నాను. ఆవిడ పనిచేసేది నేను దిగే స్టాపు ఎదురుగా ఉన్న బిల్డింగులోనే అని నాకు తెలుసు, మెడలో కార్డు మీద ఉంటుంది. బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే, వెనక ఎక్కడో నడుస్తూ కనబడుతుంది. తొందరేమీ ఉండదు ఆ నడకలో. పదిహేనో రోజు ఆవిడ దిగలేదు. నా స్టాపులో నాతోపాటే దిగింది. దిగి, నా వైపు తిరిగి, 'ఇవాళ ఎండ ఎక్కువగా ఉందండీ' అంది, నేనేదో సంజాయిషీ అడిగినట్టు. మనిషి జీవితమనే ప్రయాణంలో ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట గమ్యానికి ముందే దిగిపోవాల్సిందే కదా!"

నైట్‌డ్యూటీ · 4:02

"నేనేదో సంజాయిషీ అడిగినట్టు" అన్న చోట ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ ఈయన ఆవిణ్ణి చూస్తున్నాడనుకున్నాం. ఆవిడకి తెలుసు!

అర్ధణా · 4:05

ఆఖరి వాక్యం చదివి నేను కూడా గమ్యానికి ముందే దిగిపోయాను.

కిటికీపక్క · 4:20

అర్ధణా గారు వెటకారంగా అన్నా, పాయింటు అదే. ఆఖరి వాక్యం కొట్టెయ్యండి. ఆవిడ మాటకి ఇతను ఏం జవాబిచ్చాడో నాకు కావాలి. మీరు అక్కడ ఉపన్యాసం పెట్టారు.

ఇంకో చిన్న సంగతి. మెడలో కార్డు మీద కంపెనీ పేరు చదవాలంటే దగ్గరగా నిలబడాలి. పద్నాలుగు రోజులూ దగ్గరగా నిలబడ్డాడా? అయితే అదీ రాయండి. అప్పుడు ఇతని మీద కూడా కాస్త అనుమానం వస్తుంది.

పాతసిరా · 5:10

కిటికీపక్క గారి రెండో మాట చాలా విలువైనది. "పద్నాలుగు రోజులుగా" అని మీరు ఎంత మామూలుగా రాశారో చూడండి. మామూలు మనిషి లెక్కపెట్టడు. ఒకరు ఎక్కడ దిగుతున్నారో పద్నాలుగు రోజులు లెక్కపెట్టే మనిషికి ఇంట్లో ఎవరున్నారు? దానికి జవాబు మీకు తెలిసుండాలి, మాకు చెప్పనక్కర్లేదు.

మూడోగది · 6:35

ఆవిడ ఎందుకు ముందు దిగుతుందో చివరికి చెప్తారా?

కొత్తకలం · 6:50

ఇంకా నిర్ణయించుకోలేదండీ. నాకే తెలియదు. ఆఖరి వాక్యం కొట్టేశాను. కొట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే మరి. అతని జవాబు ఇప్పటికి ఇలా రాశాను: "అవునండీ, నిన్న కూడా ఎక్కువే." నిన్న ఎండ ఎక్కువే, కానీ నిన్న ఆవిడ ముందే దిగింది. అతను ఆ మాట అనేసి నాలుక కరుచుకుంటాడు.

సగంకథ · 7:15

ఇది బాగుంది. చాలా బాగుంది.

ఇక్కడికి సంబంధం లేని మాట ఒకటి. నిన్న రాత్రి అక్కకి మెసేజ్ పెట్టాను. రెండు టిక్‌లూ నీలమయ్యాయి, జవాబు రాలేదు.

నైట్‌డ్యూటీ · 7:22

చదివారు కదా అన్నయ్యా. ఆగండి.

అర్ధణా · 9:40

అందరూ సీరియస్ అయిపోయారు కాబట్టి అడుగుతున్నాను. కిటికీపక్క గారూ, ఇంతకీ ఆ తలుపు ఎవరు వేశారు?

కిటికీపక్క · 9:58

ఐదు పేజీలయ్యాయి, ఇంకా ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నారు. బ్యాగు మాత్రం లోపలే ఉంది.